నది లేని ఊరికెళ్ళిన ఫెర్రీమెన్

మా మరిది ఒరెస్ట్‌కి ఏదైనా చెప్పాలని ఉండి నోరు పెగలకపోతే తిండి మీద పడతాడు. ఆ రోజు చర్చి కింది హాల్లో మేమంతా బల్ల చుట్టూ నిలబడి బంగాళదుంప కూరి కజ్జికాయల్లా మడిచే పెరోహీల అంచులు నొక్కుతుంటే వచ్చాడు. కోటు కూడా విప్పలేదు. వెన్నలో తేలుతున్న పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. అది మింగకుండానే ఇంకొకటి తీశాడు.

“అవి అమ్మకానికి,” అన్నాను.

“తెలుసు వదినా.”

“తెలిసి తింటే దాన్నేమంటారో అదీ తెలుసా?”

నవ్వలేదు. ఒరెస్ట్ నవ్వకపోతే విషయం పెద్దదే. చేతులు తుడుచుకుని పక్కకి రమ్మన్నాను. అతను రాలేదు. అందరి ముందే, పిండి వైపు చూస్తూ, “వాళ్ళు ఫోన్ చేశారు,” అన్నాడు.

మా పోప్లర్ ఫోర్డ్‌లో ‘వాళ్ళు’ అంటే ఎవరని ఎవరూ అడగరు. ఐస్ హాకీ పెద్ద లీగులో ఆడిన ఊళ్ళన్నిటిలోకీ చిన్న ఊరు మాదే. మా టీం పేరు ఫెర్రీమెన్. నది దాటించే పడవవాళ్ళన్నమాట. వంతెన కట్టకముందు మా తాతలు నిజంగానే ఆ పని చేసేవాళ్ళు. చలికాలం సాయంత్రం మంచు పరిచిన ఆటశాల, అదే మా రింకు, నిండిపోయేది, ఊళ్ళో ఏ ఇంట్లోనూ దీపం ఉండేది కాదు. అలాంటి టీంని గాడార్డ్ అనే యజమాని టెక్సాస్ మనుషులకి అమ్మేశాడు. లాస్ ఎన్సినాస్ అట ఊరి పేరు. చుట్టూ ఇసుక, ముళ్ళకంప. నది లేదు సరికదా, వాగు కూడా లేదు. అయినా ఫెర్రీమెన్ అనే పేరు అలాగే ఉంచుకున్నారు. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది దానికే. టీంని తీసుకెళ్ళారు, సరే. మా తాతల పేరెందుకు వాళ్ళకి?

మే నెలలో లారీలు వచ్చాయి. గోల్ వలలు, గోల్ పడితే ఊదే పాత పడవ బూర, ఆఖరికి పైకప్పు నించి వేలాడే పద్నాలుగో నంబరు జెర్సీ, అన్నీ ఎక్కించుకుపోయారు. ఆ జెర్సీ మీద ‘హాలిచిన్’ అని ఉంటుంది. అది మా ఇంటిపేరు. మా ఆయన వాసిల్ కుర్రతనంలో ఊరి టీంలో పద్నాలుగు వేసుకుని ఆడేవాడు. మోకాలు విరిగింది. తమ్ముడు ఒరెస్ట్‌కి ఆ నంబరు ఇచ్చి, స్కేట్లు ఇచ్చి, తిట్లు కూడా దండిగా ఇచ్చి పెద్ద లీగు దాకా నెట్టుకుంటూ తీసుకెళ్ళాడు. ఒరెస్ట్ ఆట మానేసిన రోజున ఇక ఆ నంబరు ఎవరూ వేసుకోకూడదని జెర్సీని పైకి ఎక్కించారు. అంతకు మించిన గౌరవం మా ఆటలో లేదు. ఆ సాయంత్రం మంచు మీద పరిచిన ఎర్ర తివాచీ మీద వాసిల్ కుంటుకుంటూ నడిచాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

లారీలు వెళ్ళిపోయాక ఆ వచ్చే చలికాలంలోనే ఆయన పోయాడు. టీం దిగులుతో పోయాడని నేను చెప్పను, గుండె ముందునించీ బాగాలేదు. కానీ ఆ గాడార్డ్ ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే, ఆయన ఆ ఆఖరి చలికాలం మంచం మీద పడుకుని రేడియోలో ఆట వినేవాడు. గోడ వైపు తిరిగి పడుకోవలసి వచ్చేది కాదు. అందుకే ఆయన తర్వాత అభిమానుల సంఘానికి నేను అధ్యక్షురాలినయ్యాను. టీం లేని ఊళ్ళో అభిమానుల సంఘం ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. గురువారం గురువారం కలుస్తాం, పెరోహీలు అమ్మి ఊరి పిల్లలకి స్కేట్లు కొంటాం, వాళ్ళని తిడతాం. వాళ్ళ పేరు ఎత్తం, వాళ్ళ ఆట చూడం. అది నేను పెట్టిన నియమం. ఇరవయ్యేళ్ళకి దగ్గరపడుతున్నా ఎవరూ దాటలేదు. అలా అనుకున్నాను.

“ఏమంటారు?” అన్నాను ఒరెస్ట్‌తో.

“పద్నాలుగుని దించుతారట. నన్నడగకుండా దించకూడదు కదా, అందుకని అడిగారు. వాళ్ళ ఊరి కుర్రాడు ఒకడు టీంలోకి వచ్చాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి టీంకి ఎక్కిన మొదటివాడు. అతనికి ఇస్తారట.”

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. నేను మాత్రం నా చేతిలో ఉన్న పెరోహీ అంచుని అది పగిలేదాకా నొక్కాను.

గురువారం సంఘం నిండుగా వచ్చింది. మేం కలిసేది మంచు మీద రాతి బండలు తోసి ఆడే కర్లింగ్ క్లబ్బు మేడ మీద, కింద బండలు జారుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. నేను లేచి విషయం చెప్పాను. ఒకరి తర్వాత ఒకరు ఊగిపోయారు. అందరికంటే గట్టిగా ఊగిపోయింది మా సంఘంలోని నెస్టర్ పెళ్ళాం ఒడార్కా. చిన్నప్పటినించీ నా స్నేహితురాలు, నోరు తెరిస్తే మూయడం తెలీదు.

“సిగ్గుండాలి,” అంది ఒడార్కా. “ఎవడో కుర్రకుంక. నిన్నగాక మొన్న వచ్చాడు. ఎడమచేతి వాటం అని నెత్తిన పెట్టుకుంటున్నారు గానీ, పక్ బిళ్ళ కాళ్ళ దగ్గరికి వస్తే తడబడతాడు. మొన్న మంగళవారం రెండుసార్లు పారేసుకున్నాడు.”

కింద బండ జారి ఇంకో బండకి తగిలింది.

“మొన్న మంగళవారమా?” అన్నాను.

ఒడార్కా నోరు మూసింది. నా జన్మలో అదే మొదటిసారి చూడ్డం.

“అంటే, ఎవరో చెప్పుకుంటుంటే...” అన్నాడు నెస్టర్.

“ఎవరు చెప్పుకుంటుంటే?”

“జనం.”

నేను గదంతా చూశాను. ఒకడు టోపీ సరిచేసుకుంటున్నాడు. ఒకావిడ చేతిసంచిలో లేనిదాన్ని వెతుకుతోంది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. మంగళవారాలు, శనివారాలు బౌలింగ్‌కి వెళ్తున్నామని నాతో చెప్పేవాళ్ళు. ఈ వయసులో ఇంత ఓపికేమిటా అని నేను మెచ్చుకునేదాన్ని కూడా.

“ఎక్కడ చూస్తారు?” అన్నాను.

“మా ఇంటి కింది గదిలో,” అన్నాడు నెస్టర్. “స్టెఫా, నీకు చెబుదామనే అనుకున్నాం. ప్రతి ఏడూ అనుకున్నాం.”

“అందరూనా?”

ఒరెస్ట్ వైపు చూశాను. అతను తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. మిగతావాళ్ళ సంగతి వదిలెయ్యండి. ఇన్నేళ్ళూ నేను ఒంటరిదాన్నని నాకు ఎప్పుడూ అనిపించకపోవడానికి కారణమే ఇతను. కోటు తీసుకుని మెట్లు దిగిపోయాను. వెనక నించి ఒడార్కా పిలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు పార చప్పుడైంది. ఒరెస్ట్ నా మెట్ల మీది మంచు తీస్తున్నాడు. వాసిల్ పోయిన దగ్గర్నించీ అది అతని పని, వద్దన్నా మానడు. ఆ రోజు కావాలనే తలుపు తియ్యలేదు. మెట్లు అయిపోయాయి, దారి అయిపోయింది, పక్కింటి దారి కూడా అయిపోయింది. ఇక ఊరంతా తవ్వేలా ఉన్నాడని తలుపు తీశాను.

“ఎన్నాళ్ళ నించి?” అన్నాను, కాఫీ ముందు పెట్టి.

“అన్నయ్య పోయిన నెల నించి.”

“ఆ నెలా?”

“ఇంట్లో ఉండలేకపోయాను వదినా. టీవీ తిప్పితే వాళ్ళు ఆడుతున్నారు. జెర్సీ మారలేదు, రంగు మారలేదు. సౌండు తీసేస్తే ఏ ఊరో తెలీదు కదా. మన రింకే అనుకుని కూర్చున్నాను. అన్నయ్య పక్కనే ఉండి తిడుతున్నట్టే ఉండేది.”

నాకు కోపం తగ్గలేదు. కానీ కాఫీలో చక్కెర వేసి కలిపి ఇచ్చాను, అతను మర్చిపోయాడు కాబట్టి.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు చంపేస్తావని.”

“మంచి పని చేశావు. చంపేసేదాన్నే.”

అప్పుడు కాస్త నవ్వాడు. తర్వాత అన్నాడు, “నంబరు సంగతి ఏం చెప్పమంటావు?”

“నీ జెర్సీ. నీ ఇష్టం.”

“నాది కాదు. అన్నయ్య దగ్గర్నించి తీసుకున్నాను. అన్నయ్య లేడు కాబట్టి అది నీది. నువ్వు సరే అంటే సరే, వద్దంటే వద్దు.”

“అయితే వద్దు.”

ఎందుకని అడగలేదు. “సరే,” అని కాఫీ తాగేసి లేచాడు. మధ్యాహ్నం వాళ్ళకి ఫోన్ చేసి, మా వదిన ఒప్పుకోలేదు అని చెప్పేశాడు. అక్కడివాళ్ళు వదినకీ దీనికీ ఏమిటి సంబంధం అని అడిగారట. “మీకు వదిన లేదేమో,” అన్నాడట. అతని మీద ఎంత కోపంగా ఉన్నా ఆ మాటకి నాకు నవ్వొచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. జనవరి చివర్లో లీగు మధ్యలో ఆటగాళ్ళకి నాలుగు రోజులు సెలవిస్తారు. అందరూ సముద్రం ఒడ్డుకి పరిగెడతారు. ఆ సెలవుల్లో, ఉమ్మితే గడ్డకట్టే చలిలో, నెస్టర్ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని చర్చి హాల్లోకి దిగాడు. నెస్టర్ మొహం చూస్తేనే ఏదో వెధవ పని చేసి వచ్చాడని తెలిసిపోయింది. కుర్రాడు పొడుగ్గా ఉన్నాడు. ఒంటి మీద వానకోటులాంటి పల్చటి చొక్కా. చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి.

“స్టెఫా,” అన్నాడు నెస్టర్, “ఇతను రఫాయెల్ ఒంతివేరోస్. విమానాశ్రయం నించి నేనే తీసుకొచ్చాను. తిట్టాలనుంటే ముందు నన్ను తిట్టు.”

“నీ వంతు తర్వాత,” అన్నాను.

హాలంతా నా నోటికేసి చూస్తోంది. ఒరెస్ట్ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. అతనికి ముందే తెలుసో లేదో ఇప్పటికీ చెప్పడు. నేను కుర్రాణ్ణి తల నించి కాళ్ళ దాకా చూశాను.

“నీకు టోపీ లేదా?” అన్నాను.

“ఉంది మేడమ్. ఎండకి పెట్టుకునేది.”

ఒడార్కా కిసుక్కున నవ్వి, నా మొహం చూసి ఆపుకుంది.

“చేతులు కడుక్కో. ఇక్కడ ఊరికే నిలబడేవాళ్ళని ఉంచుకోం.”

కడుక్కుని వచ్చి బల్ల దగ్గర నా ఎదురుగా నిలబడ్డాడు. అంచు ఎలా నొక్కాలో చూపించబోయాను. అతను అప్పటికే ఒకటి మడిచేశాడు. అంచుని చిన్న చిన్న మడతలుగా జడలా అల్లాడు.

“మా అమ్మ ఇలాంటివే చేస్తుంది,” అన్నాడు. “లోపల మాంసం పెట్టి నూనెలో వేస్తుంది.”

“ఇక్కడ అల్లికలేమీ అక్కర్లేదు. ఉడికేటప్పుడు విచ్చుకోకపోతే చాలు.”

“విచ్చుకోవు మేడమ్.”

కాసేపు ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం. నెస్టర్ నొక్కినవాటికంటే ఇతనివి బాగున్నాయి. అది నాకు కాస్త కష్టంగానే ఉంది.

“సరే,” అన్నాను. “పద్నాలుగు కావాలని ఇంత దూరం వచ్చావు. వద్దని చెప్పాం కదా. మళ్ళీ నా మొహం చూసి వద్దనిపించుకోవాలా?”

“నంబరు కోసం రాలేదు మేడమ్. నాకు ఇరవై ఏడో నంబరు ఉంది. బాగానే ఉంది.”

“మరెందుకొచ్చావు?”

అతను చేతిలోది కింద పెట్టాడు. “టీం వెళ్ళిపోతోంది,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. “ఎక్కడినించి?”

“మా ఊరి నించి. ఇంకా బయటికి చెప్పలేదు, వేసవిలో చెబుతారు. మళ్ళీ అమ్మేశారు. తూర్పు తీరాన ఏదో ఊళ్ళో కొత్త రింకు కడుతున్నారట. అక్కడికి.”

ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే. ఆ ఊరి నించి కూడా ఎవడో ఒకడు టీంని ఎత్తుకుపోవాలి, అప్పుడు తెలియాలి వాళ్ళకి అని ఎన్ని గురువారాలు అన్నానో లెక్క లేదు. ఆ మాట ఇప్పుడు ఒక కుర్రాడు పిండి చేతులతో నా ఎదురుగా నిలబడి చెబుతున్నాడు. నాకు సంతోషం రాలేదు. రావాలని కాసేపు చూశాను.

“సామాను సర్దేటప్పుడు ఆ జెర్సీ కూడా పెట్టెలో పడేస్తారు,” అన్నాడు. “అక్కడ దాన్ని ఎక్కడ పెడతారో, అసలు పెడతారో లేదో. అక్కడెవరికీ ఆయన తెలీదు. మా ఊళ్ళో తెలుసు.”

“మీ ఊళ్ళో ఏం తెలుసు?” అన్నాను. “మీవాళ్ళలో ఒక్కడైనా మా ఒరెస్ట్ ఆడగా చూశాడా?”

“చూడలేదు మేడమ్. కానీ మా రింకులో పైన వేలాడేది అదొక్కటే. నాకు ఆరేళ్ళప్పుడు మొదటిసారి స్కేట్లు కట్టారు. మా ఊళ్ళో ఎవరికీ మంచు తెలీదు కదా, పిల్లలందరం కాళ్ళకేసి చూసుకుంటూ పడిపోయేవాళ్ళం. మా కోచ్ అరిచేవాడు, ‘కిందకి చూడకండి, హాలిచిన్‌ని చూడండి’ అని. ఆ పేరు మీద కళ్ళు పెట్టుకుని నిలబడేవాళ్ళం. మా ఊళ్ళో స్కేటింగ్ వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ అలాగే నిలబడ్డారు. ఇప్పటికీ పిల్లలు పడబోతుంటే తల్లులు అదే కేక వేస్తారు. ఆ హాలిచిన్ ఎవరో వాళ్ళలో చాలామందికి తెలీదు.”

పొయ్యి దగ్గర ఏదో కింద పడింది. ఒరెస్ట్ గరిటె జారవిడిచాడు. వంగి తీసుకోలేదు. గోడకేసి తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. ఒడార్కా వెళ్ళి గరిటె తీసి కడిగి అతని చేతిలో పెట్టి, వీపు మీద ఒకటి చరిచి వచ్చింది.

నేను పెరోహీలని సర్దుతున్నట్టు నటించాను. కళ్ళు కనపడ్డం లేదు.

“అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?” అన్నాను.

“నంబరు మళ్ళీ ఆటలోకి వస్తే, దించిన జెర్సీ ఆ ఆటగాడి ఇంటికి వెళ్ళాలి. అది ఆనవాయితీ. వాళ్ళు కాదనలేరు. మీరు సరే అంటే మా ఊళ్ళో ఉండగానే, మావాళ్ళ ముందు దించుతారు. నేనే తెచ్చి మీ చేతికిస్తాను. మీరు వద్దంటే అది వాళ్ళ సామానుతో పోతుంది.”

“నువ్వు పద్నాలుగు వేసుకుంటావు.”

“వేసుకోవాలి. దానికి ఒప్పుకుంటేనే దించుతామన్నారు.”

“వేసుకుని ఆ మూడో ఊరికి పోతావు.”

అతను వేళ్ళకంటిన పిండి గిల్లుకున్నాడు. “ఒప్పందం ఉంది మేడమ్. పోక తప్పదు,” అన్నాడు.

మా టీం వెళ్ళిన ఏడాది వాళ్ళతో పాటు వెళ్ళిన కుర్రాళ్ళు నాకు గుర్తొచ్చారు. వాళ్ళకీ ఇంతే వయసు. మా ఊళ్ళో ఇళ్ళల్లో తిని, మా పిల్లల పెళ్ళిళ్ళలో చిందులేసి, లారీల వెంట వెళ్ళిపోయారు. వాళ్ళు ఇష్టపడి వెళ్ళారనే ఇన్నాళ్ళూ మేం మాట్లాడుకున్నాం.

“మీ అమ్మ ఏమంటోంది?” అన్నాను.

“ఏమీ అనడం లేదు. నాతో మాట్లాడ్డం మానేసింది. అమ్మ మా ఊరి అభిమానుల సంఘం అధ్యక్షురాలు. టీం ఊరు దాటిన రోజు నించి వాళ్ళ ఆట జన్మలో చూడనంది. ‘నేను ఆడినా చూడవా’ అన్నాను. ‘ఎవడాడినా చూడను’ అని టీవీని తీసుకెళ్ళి గ్యారేజీలో పెట్టేసింది.”

హాల్లో ఒక్కరూ నావైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో నాకు కనిపిస్తూనే ఉంది. నెస్టర్ దగ్గాడు. ఒడార్కా అతని కాలు తొక్కింది.

ముందు నాకు ఆవిడ భలే నచ్చింది. పౌరుషం ఉన్న మనిషి. ఆ ఊళ్ళో ఇలాంటి మనిషి ఉందని తెలిస్తే ఇన్నేళ్ళూ ఊరు మొత్తాన్ని కలిపి తిట్టేదాన్ని కాను. తర్వాత ఆ గ్యారేజీ కళ్ళ ముందు మెదిలింది. చీకట్లో, తెర గోడ వైపు తిరిగి ఉన్న టీవీ. లోపల ఇంట్లో ఆవిడ ఒక్కతీ. ఎక్కడో తూర్పున మంచు మీద ఆవిడ కొడుకు.

“మీ అమ్మ పేరేమిటి?”

“గ్రసియేలా.”

“ఫోన్ కలుపు.”

“ఇప్పుడా? అమ్మ నా ఫోన్ ఎత్తదు మేడమ్.”

“నా ఫోన్ ఎత్తుతుంది. చర్చి ఫోన్ నించి కలుపు.”

వంటింటి గోడకున్న ఫోన్‌లో నంబరు నొక్కి ఇచ్చాడు. నేను అతన్ని బయటికి పంపి తలుపు వేశాను. అవతల రెండు మోతలకే ఎత్తారు.

“నేను పోప్లర్ ఫోర్డ్ ఫెర్రీమెన్ అభిమానుల సంఘం అధ్యక్షురాల్ని,” అన్నాను.

“అది ఇంకా ఉందా?” అంది ఆవిడ మెల్లగా.

“ఉంది.”

“టీం లేకుండానా?”

“టీం లేకుండానే.”

“ఏం చేస్తారు?”

“తిడతాం.”

“ఎవర్ని?”

“మిమ్మల్ని.”

ఆవిడకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీలేదు, ముక్కు ఎగబీల్చింది. “మేం ఎత్తుకురాలేదమ్మా,” అంది. “వచ్చారు, తలుపు తీశాం. పిల్లలకి మంచు చూపించారు. మేం ప్రేమించాం. అంతే.”

“తెలుసు,” అన్నాను. నిజానికి అప్పుడే తెలిసింది.

తర్వాత కాసేపు ఇద్దరం కలిసి యజమానుల్ని తిట్టుకున్నాం. ఆవిడ ఇంగ్లీషూ వంకరే, నాదీ వంకరే. ఆవిడ మధ్యలో స్పానిష్‌లో అందుకుంది, నేను మా తాతల ఉక్రెయిన్ భాషలో అందుకున్నాను. ఒక్క ముక్క వదలకుండా ఇద్దరికీ అర్థమైంది. నా వయసు ఒక పదేళ్ళు తగ్గినట్టనిపించింది.

“మీ అబ్బాయి ఇక్కడున్నాడు,” అన్నాను అప్పుడు.

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

“టీవీ గ్యారేజీలో పెట్టావట.”

“పెట్టాను. వాళ్ళ ఆట నేను చూడను.”

“తీసుకొచ్చి ఇంట్లో పెట్టు.”

“నువ్వు చూశావా?” అంది చురుగ్గా. “ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూశావా?”

“లేదు.”

“మరి నాకు చెబుతావేం?”

“నాకు ఆడేవాడు మట్టిలో ఉన్నాడు గ్రసియేలా. నీకు మంచు మీద ఉన్నాడు. మొన్నటి దాకా వాడు నాకెవడో తెలీదు. శనివారం నించి వాడి వీపు మీద మా ఆయన నంబరు ఉంటుంది. నేను చూడబోతున్నాను. దెబ్బ తగిలితే నేను అరుస్తాను, గోల్ కొడితే నేను అరుస్తాను. కన్నదానివి నువ్వు గోడకేసి చూస్తూ కూర్చుంటావా?”

ఆవిడ ఏడుస్తోందని ఈసారి స్పష్టంగా తెలిసింది. నేను ఆపమనలేదు. నా వల్లా కాలేదు, ఆప్రన్‌తో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ గొంతు సవరించుకుని ఒక మాట అడిగింది.

ఫోన్ పెట్టెయ్యకుండా బల్ల మీద వాల్చి హాల్లోకి వచ్చాను. అందరూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు. రఫాయెల్ ముందు అల్లిన అంచులతో పెరోహీలు వరుసగా ఉన్నాయి. నన్ను చూసి పని ఆపాడు.

“పద్నాలుగు వేసుకో,” అన్నాను. “ఒరెస్ట్, వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు, మా వదిన ఒప్పుకుందని.”

ఒరెస్ట్ తలూపాడు. ఒడార్కా వెక్కి వెక్కి ఏడుస్తూ, ఆ పిండిలో కన్నీళ్ళు పడితే ఉప్పెక్కువవుతుందని నెస్టర్‌ని తిట్టింది.

కుర్రాడు మాత్రం వంటింటి తలుపు వైపే చూస్తున్నాడు. “మా అమ్మ మాట్లాడిందా?” అన్నాడు. “ఏమంది మేడమ్?”

“నువ్వు ఏమైనా తిన్నావా అని అడిగింది.”

అతను కదల్లేదు.

“లైన్లోనే ఉంది. వెళ్ళి నువ్వే చెప్పు.”

చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి వంటింట్లోకి వెళ్ళాడు. “అమ్మా,” అన్నాడు. మేం తలుపు దగ్గరగా వేశాం.